అసర్ తర్వాత ఒక గంట

ఎవరు పెళ్లి ఫొటో చూపించినా ఉజ్మా ముందు ఫోన్‌ను తన చేతిలోకి తీసుకుంటుంది. రెండు వేళ్లు తెర మీద ఆనించి మెల్లగా విడదీస్తుంది. పెళ్లికూతురి ముఖం కోసం కాదు. ఆ ముఖాన్ని పక్కకు జరిపి వెనక ఏముందో చూస్తుంది. గోడకు ఆనుకొని నవ్వుతున్న మేనత్త ఉంటుంది. పళ్లెం ఒళ్లో పెట్టుకొని కునుకు తీస్తున్న ముసలాయన ఉంటాడు. ఎక్కడికీ పోవాల్సిన పని లేనట్టు నిలబడ్డ మనుషులు ఉంటారు. వాళ్లను కాసేపు చూసి, "బాగున్నయ్" అని ఫోన్ తిరిగి ఇచ్చేస్తుంది.

"ఉజ్మా మేడమ్ చేతికి ఫొటో ఇస్తే పరీక్ష పేపర్ దిద్దినట్టు చూస్తది" అంటుంది స్కూల్లో తెలుగు చెప్పే వినోద. నవ్వులాటకే అంటుంది. ఉజ్మా కూడా నవ్వుతుంది.

కాశిబుగ్గలో ఒక ప్రైవేటు బడి. ఉజ్మా అక్కడ సైన్స్ చెబుతుంది. జూన్‌లో టైంటేబుల్ వేసేది కూడా ఆమే. ఏ టీచరైనా రాకపోతే ఆ క్లాసుకు ఎవరిని పంపాలో ఆమెనే అడుగుతారు. ఆమె స్టాఫ్‌రూం గోడ మీది చార్టు ముందు నిలబడి, ఆ పీరియడ్‌లో ఎవరి గడి ఖాళీగా ఉందో వెతుకుతుంది. టీచర్లు దాన్ని లీజర్ అంటారు. చాయ్ తాగడానికి, నోట్సు దిద్దడానికి, ఊరికే కిటికీ బయటకు చూడడానికి మిగిలే సమయం. ఉజ్మా పెన్సిల్‌తో అందులో ఆ క్లాసు పేరు రాస్తుంది. అంతే, ఆ లీజర్ పోయినట్టే. టీచర్లు గొణుక్కుంటూ లేస్తారు. తప్పు మాత్రం పట్టలేరు. అవతల క్లాసులో పిల్లలు అరుస్తుంటారు మరి.

ఆమె నిఖా కరోనా వేసవిలో జరిగింది. మట్టెవాడలోని పుట్టింట్లో, ముందు గదిలో, తలుపులు దగ్గరికి వేసుకొని. ఖాజీ సాబ్ గుమ్మం దగ్గరే కుర్చీ వేయించుకున్నాడు. జల్వా కూడా చేశారు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ మొదటిసారి ఒకరి ముఖం ఒకరు అద్దంలో చూసుకునే వేడుక అది. ఇద్దరి తలల మీద ఎర్ర దుపట్టా కప్పారు. మధ్యలో అద్దం పెట్టారు. ఉజ్మాకు అద్దంలో ఒక నీలం మాస్కు, దాని పైన రెండు కళ్లు కనిపించాయి.

"మాస్కు తియ్యొచ్చా?" అని దుపట్టా కింది నుంచి పెళ్లికొడుకు షకీల్ ఎవరినో అడిగాడు.

"ఏం వద్దు, జల్ది కానియ్యుండ్రి. కర్ఫ్యూ టైమైతాంది" అని ఎవరో అన్నారు. అద్దం తీసేశారు.

అత్తగారిల్లు కాశిబుగ్గలోనే. షకీల్ బండి మీద బయలుదేరారు. పోచమ్మ మైదాన్ దగ్గర పోలీసులు ఆపారు.

"ఎక్కడికి?"

"పెండ్లైంది సార్. ఇంటికి పోతానం."

"పెండ్లా? మరి బరాత్ ఏది?"

"మేమే సార్."

కానిస్టేబుల్ ఉజ్మా వైపు తిరిగాడు. "చేతులు సూపియ్యమ్మా." ఆమె రెండు అరచేతులూ ఎత్తి చూపింది. గోరింట ఇంకా నల్లగా ఉంది. "పోండి పోండి" అన్నాడు.

ఈ కథ షకీల్ ఇప్పటికీ చెబుతాడు. ఏసీలు బాగు చేయడానికి పోయిన ఇళ్లలో కూడా చెబుతాడు. అందరూ పడీ పడీ నవ్వుతారు. ఆ రోజు ఫొటోలంటూ ఏవో నాలుగు ఫోన్‌లో ఉన్నాయి. ఒకదాంట్లో మేనమామ వేలు అడ్డం వచ్చింది. మిగతావాటిలో అందరూ తలుపు వైపు చూస్తున్నారు.

ఈ ఏడాది ఆమె చెల్లెలు రుహీకి పెళ్లి కుదిరింది. రుహీ హనుమకొండలో ఒక రక్తపరీక్షల సెంటర్‌లో పనిచేస్తుంది. పెళ్లికొడుకు సోహెల్‌ది డోర్నకల్. రైల్వేలో పాయింట్స్‌మన్. అతనికి నైట్ డ్యూటీ, ఈమెకు పగటి డ్యూటీ. ఫోన్‌లో కూడా ఇద్దరూ సరిగా మాట్లాడుకున్నది లేదు.

తారీఖు దగ్గర తండ్రి ఫకీర్ మహమ్మద్ గట్టిగా నిలబడ్డాడు. ఆయన ఏనుమాముల మార్కెట్లో ధాన్యం కాంటా పెట్టే మనిషి. దేన్నయినా తూచి మాట్లాడతాడు. "జాతర వారం వద్దు. బస్సులన్నీ మేడారం పోతయ్. చుట్టాలు నడిచొస్తరా? జాతర అయిపోవాలె, రంజాన్ రావొద్దు. ఆ నడుమ ఆదివారం." అదే ఖాయమైంది.

ఆ వారమే రుహీ కాశిబుగ్గకు, అక్కను చూడడానికి వచ్చింది. వంటింటి గట్టు మీద కూర్చొని కాళ్లు ఊపుతూ అంది.

"ఆపా, పెండ్లి రోజు టైంటేబుల్ నువ్వే వెయ్యాలె."

"పెండ్లికి టైంటేబుల్ ఏందే?"

"నీ చెయ్యి పడితే బడిల బెల్లు కొట్టినట్టు నడుస్తది. నాకు పెద్ద కోరికల్లేవు. ఆ రోజు ఎవ్వరు ఉరుకొద్దు. అమ్మీ బీపీ పెంచుకోవద్దు. ఇంకొకటి. సాయంత్రం అసర్ నమాజ్ అయినంక, పొద్దుగూకి మగ్రిబ్ అయ్యేదాకా నాకేం పెట్టకు. ఖాళీగ ఇడిసిపెట్టు."

ఉజ్మా ఉల్లిగడ్డలు తరగడం ఆపలేదు. "ఎందుకు?"

"ఫొటోలకు. పెండ్లి హాలు వెనక పత్తిచేను లేదా? ఏరేసిన్రు. పొద్దుగూకంగ అండ్ల ఎండ మంచిగ పడ్తదట. భానుచందరన్న పోయి చూసొచ్చిండు."

భానుచందర్ ఫొటోలు తీసే మనిషి. వాళ్ల వీధి చివరే స్టూడియో.

"ఎవలెవలు పోతరు?"

"నేను, ఆయన. అంతే. నడుస్తం, గట్టు మీద కూసుంటం. భానన్న దూరం నుంచి తీసుకుంటడు."

"గంటసేపు ఏం మాట్లాడుతరే ఇద్దరు?"

"అదే తెల్వదు" అంది రుహీ. "తెల్వదు కాబట్టే గంట కావాలె." కాళ్లు ఊపడం ఆపింది. "డోర్నకల్‌ల రెండు అర్రల క్వార్టర్ ఆపా. అత్త, నాయినమ్మ, బావ, ఆయన భార్య, పిల్లలు. పోయినంక ఖాళీ ఎక్కడ దొరుకుతది?"

"సరే తీయ్" అంది ఉజ్మా. కళ్లు మండుతున్నాయి. ఉల్లిగడ్డలే అనుకుంది.

పని మొదలుపెట్టాక మాత్రం ఆమెకు దాని మీద మనసు పడింది. వాళ్ల పెళ్లిళ్లు రాత్రి జరుగుతాయి. కార్డులో ఒక వేళ ఉంటుంది, బరాత్ ఇంకో వేళకు వస్తుంది. అన్నాలు ఆలస్యం, జల్వా ఇంకా ఆలస్యం. పెళ్లికూతురు నిద్రమత్తులో తూలుతుంటే బండెక్కిస్తారు. ఉజ్మా ఆ మొత్తాన్ని పట్టుకొని పగటిలోకి లాగింది. మధ్యాహ్నపు జొహర్ నమాజ్‌కు ముందే నిఖా. నమాజ్ అయ్యాక అన్నాలు. అన్నాల తర్వాత అందరూ కాళ్లు చాపుకొనే వేళకు జల్వా. రుఖ్సతీ, అంటే పెళ్లికూతురిని సాగనంపడం, పొద్దుగూకి మగ్రిబ్ దాటాక.

"మనోళ్ల బరాత్ చీకటి పడ్డంక ఇల్లు కదుల్తది. నువ్వు పట్టపగలు రమ్మంటానవ్. వస్తరా?" అన్నాడు తండ్రి.

ఉజ్మా తానే డోర్నకల్‌కు ఫోన్ చేసి సోహెల్ తల్లితో మాట్లాడింది. "ఖాలా, మీది రైల్వే ఇల్లు. మీరు లేటయితే మేమెవరికి చెప్పుకోవాలె?"

అవతల ఆమె గట్టిగా నవ్వింది. "రైలు లేటయితది గని రైల్వేవోళ్లు కారు బేటీ. వస్తం. ఫికర్ చెయ్యకు."

చార్టు తయారైంది. గీతలు, గడులు. ప్రతి గడిలో ఒక పని, పక్కన ఆ పని చూసుకునే మనిషి పేరు. తల్లి జైనాబీ దాన్ని చూసి, "గింత నిమ్మళంగ పెండ్లి చేస్తరా ఎవలన్న" అని ఆశ్చర్యపోయింది. ఆమె పేరు ఒక్క గడిలోనూ లేదు. "నువ్వు కూసో. అంతే నీ పని" అంది ఉజ్మా. తల్లి కళ్లు తుడుచుకుంది.

ఒక గడి మాత్రం తెల్లగా ఉంది.

ఉజ్మాకు చెల్లెలి బట్టల మీద అసూయ లేదు. హాలు మీద లేదు, వచ్చే జనం మీద లేదు, వండబోయే బిర్యానీ మీద లేదు. అవన్నీ తన నిఖాలో జరిగి ఉన్నా ఈపాటికి చల్లారిపోయేవి. ఆ తెల్ల గడి మీద ఉంది. వంట చేస్తుంటే అది కనబడేది. క్లాసులో బోర్డు మీద రాస్తుంటే కనబడేది. పెళ్లయి ఇన్నేళ్లలో తనకెవరూ ఒక గడి ఖాళీగా వదలలేదు. అది కూడా కాదు. అడగాలని తనకు తోచలేదు. ఈ పిల్లకు తోచింది. గట్టు మీద కూర్చొని కాళ్లూపుతూ, నీళ్లు అడిగినట్టు అడిగింది.

షకీల్ పని నుంచి వచ్చి, చేతులు కడుక్కొని, గోడకు అంటించిన చార్టు ముందు నిలబడ్డాడు.

"అసర్ తర్వాత ఏం రాయలేదేంది?"

"ఫొటోలకు."

"గంటసేపా?" అతను నవ్వాడు. "మనకైతే ఒక్క గంటల్నే పెండ్లే అయిపాయె."

తువాలు భుజాన వేసుకొని లోపలికి పోయాడు. అతని మనసులో ఏమీ లేదు. అందుకే ఉజ్మాకు ఎక్కువ మండింది.

మర్నాడు పెద్ద ఫుప్పు ఫోన్ చేసింది. ఫకీర్ మహమ్మద్‌కు అక్క, రంగశాయిపేటలో ఉంటుంది. చుట్టాల్లో ఆడవాళ్లంతా ఆమె మాట మీద నడుస్తారు. ఆమె లేస్తే లేస్తారు, కూర్చుంటే కూర్చుంటారు.

"పొద్దున్నే రమ్మంటాండ్రట. నా మోకాళ్లు పొద్దున్నే లేవయి బిడ్డా. మూ దిఖాయీ ఎప్పుడు పెట్టుకున్నరో చెప్పు, అప్పుడొస్త."

మూ దిఖాయీ అంటే ముఖం చూడడం. పెద్ద ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, పెళ్లికూతురి ముసుగు ఎత్తి చూసి, మంచి జరగాలని దువా చేసి, చేతిలో ఏదైనా పెడతారు. వాళ్లు వస్తున్నంతసేపూ పెళ్లికూతురు తల వంచుకొని కూర్చోవాలి. పెద్దల ముందు నుంచి లేవకూడదు. ఉజ్మా దాన్ని జల్వా తర్వాత, నలుగురైదుగురు దగ్గరివాళ్లతో తేల్చేసింది. చార్టులో అలాగే ఉంది. ఫోన్ చెవికి పెట్టుకొని ఆమె ఆ గడిని చూసింది. దాని పక్క గడిని చూసింది.

"అసర్ అయినంక రా ఫుప్పూ" అంది. "అప్పుడు దుల్హన్ ఖాళీగుంటది. తీరుబడిగ చూడొచ్చు."

"అందరిని తోల్కరానా?"

"తోల్కరా."

ఫోన్ పెట్టేసింది. చార్టులో ఏమీ రాయలేదు. గడి తెల్లగానే ఉంది.

చేసింది తప్పని ఆ రోజు ఆమెకు అనిపించలేదు. పెద్దవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు రావాలి కదా. మోకాళ్ల నొప్పుల మనిషిని పొద్దున్నే ఎలా లాక్కొస్తాం? ప్రతి మాటకూ జవాబు ఉంది. స్టాఫ్‌రూంలో లీజర్ నింపినప్పుడు కూడా ప్రతిసారీ జవాబు ఉండేది. తర్వాతి రోజుల్లో ఫుప్పుకు తిరిగి ఫోన్ చేయాలని చాలాసార్లు అనుకుంది. ఒకసారి నంబరు దాకా వెళ్లింది. అప్పుడే రుహీ నుంచి మెసేజ్ వచ్చింది. పత్తిచేను గట్టు ఫొటో, కింద ఒక మాట: ఇక్కడ కూసుంటం ఆపా. ఉజ్మా రెండు వేళ్లతో గట్టును పెద్దది చేసి చూసింది. ఎండ, ఎండిన మోళ్లు, మనుషులెవరూ లేని చోటు. ఫుప్పుకు ఫోన్ చేయలేదు.

పెళ్లి రోజు అనుకున్నట్టే నడిచింది. డోర్నకల్ వాళ్లు మాట మీద వచ్చారు. హాలు దగ్గర ఇంకా జంపఖానాలు పరుస్తుంటే బస్సు దిగారు. "రైల్వేవోళ్లం" అని సోహెల్ తల్లి ఉజ్మా గడ్డం పట్టుకుంది. నిఖా అయింది. అన్నాలయ్యాయి. పోట్ల గిత్తల్లా వడ్డన దగ్గర అరుచుకునే మామలు ఆ రోజు చెట్టు కింద కుర్చీల్లో పడి గురక పెట్టారు. జైనాబీ నిజంగానే కూర్చుంది. జల్వాలో అద్దం పెట్టినప్పుడు ఎవరూ తొందర చేయలేదు. ఆ దుపట్టా కింద ఇద్దరూ ఎంతకూ తల ఎత్తకపోతే, "అద్దం అరిగిపోతది, ఇగ సాలు" అని పిల్లలు గోల చేశారు. ఉజ్మా దుపట్టా అంచు పట్టుకొని నిలబడింది. అద్దంలో ఏముందో ఆమెకు కనబడదు. వాళ్లిద్దరికే కనబడుతుంది.

అసర్ అయింది. భానుచందర్ కెమెరా మెడలో వేసుకొని వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. సోహెల్ ముందే అక్కడ ఉన్నాడు. రుహీ చెప్పులు విడిచి, గరారా అంచు రెండు చేతులా ఎత్తి పట్టుకొని లేచింది.

ముందు వాకిట్లో ఆటోలు ఆగాయి. ఫుప్పు దిగింది. వెనక రంగశాయిపేట ఆడవాళ్లు, మండిబజార్ ఆడవాళ్లు. మట్టెవాడలో పక్కింటి భద్రమ్మ తన ఇద్దరు కోడళ్లతో, చేతిలో గాజుల డబ్బాతో.

"ఏమే, మేం రాంగనే లేసినవ్. ఎక్కడికి ఉరుకుతానవ్?" అంది ఫుప్పు.

"ఎక్కడికి లేదు ఫుప్పూ."

"మరి కూసో. మొగన్ని సూసినవు గదా, ఇగ మేం నిన్ను సూడాలె."

అందరూ నవ్వారు. రుహీ గరారా అంచు వదిలింది. కూర్చుంది. ముసుగు దించుకుంది.

"ఇంతమంది ఒక్కసారే వస్తరని అనుకోలేదు" అంది జైనాబీ.

"ఉజ్మానే చెప్పింది. అసర్ అయినంక పిల్ల ఖాళీగుంటది, అందరిని తోల్కరా అని" అంది ఫుప్పు, మోకాళ్లు పట్టుకొని కుర్చీలోకి దిగుతూ.

"నాకు గూడ ఆమెనే చెప్పిందన్నరు బిడ్డా" అంది భద్రమ్మ. "మంచి టైం పెట్టింది. ఎండ తగ్గింది."

ముసుగు అంచు కింది నుంచి రుహీ అక్క వైపు చూసింది. ఒక్కసారే. ఉజ్మా కుర్చీలు జరుపుతోంది. జరపాల్సిన కుర్చీ ఏదీ లేకపోయినా జరుపుతోంది.

భానుచందర్ దగ్గరికి వచ్చాడు. "మేడమ్, ఎండ పోతాంది."

"పెద్దమనుషులు వచ్చిన్రు కదా. నేనేం చెయ్యాలె?"

"మీరేసిన టైమే కదా మేడమ్" అన్నాడతను. కోపంగా కాదు. అర్థం కాక అన్నాడు.

ముసుగు లేచింది, దిగింది. మళ్లీ లేచింది. వచ్చిన ప్రతి ఆమె రుహీ ముఖానికి దగ్గరగా వంగి, చెంపలు నిమిరి, దువా చేసింది. పక్కకు తొలగలేదు. అక్కడే కూర్చుంది. హాలు నిండింది. వెనక తలుపులోంచి లోపలికి వచ్చిన ఎండ జంపఖానాల మీద కాసేపు పసుపుగా పడి, గుమ్మం దాకా వెనక్కి జరిగి, గుమ్మం దిగిపోయింది.

పెళ్లికొడుకు అప్పుడు స్నేహితుల దగ్గరికి పోవాలి. సోహెల్ పోలేదు. లోపలికి వచ్చి, రుహీ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"దూల్హా, నీ మూతి ఎవ్వరు సూడరు. పోరాదు అవుతలికి" అంది ఫుప్పు.

"నాది ఫ్రీ ఖాలా. సూసుకోండ్రి" అని ముఖం ఎత్తాడు.

నవ్వులతో పైకప్పు లేచిపోయింది. ఆ గోలలో అతను వంగి రుహీతో ఏదో అన్నాడు. ముసుగు కదిలింది. లోపల ఆమె నవ్వుతోంది. ఉజ్మా నీళ్ల గ్లాసుల పళ్లెం పట్టుకొని అక్కడే ఉంది. ఏమన్నాడో వినబడలేదు. అంతమంది ఆడవాళ్ల మధ్య, వాళ్లిద్దరికీ ఎవరూ ఇవ్వని చోటు ఒకటి దొరికింది. షకీల్‌తో తనకు ఆ చోటు ఎన్నడైనా దొరికిందా అని వెతుక్కుంది. అసూయ తీరుతుందనుకున్న చోట ఇంకా లోతుగా దిగింది.

మగ్రిబ్ అజాన్ వినిపించింది. పత్తిచేను చీకటైంది.

సాగనంపేటప్పుడు రుహీ అందరినీ కావలించుకొని ఏడ్చింది. ఉజ్మా దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఆగింది. మెడ చుట్టూ చేతులు వేసి, చెవి దగ్గర అంది.

"అడిగితే నీకు గూడ ఇస్తుంటి ఆపా. నా పెండ్లిల ఏదడిగినా ఇస్తుంటి. అదొక్కటే నాకోసం అడుక్కున్న."

బస్సు పోయింది. "పెండ్లి శాన నిమ్మళంగ అయింది. అంతా ఉజ్మా వల్లనే" అంటూ చుట్టాలు చెప్పులు వెతుక్కున్నారు.

తెల్లవారి పెళ్లికూతురి పుట్టింటి నుంచి అత్తగారింటికి నాష్తా పోవాలి. తమ్ముడుంటే తీసుకుపోతాడు. వాళ్లకు తమ్ముడు లేడు. ఫకీర్ మహమ్మద్ టోపీ పెట్టుకొని తయారవుతుంటే ఉజ్మా టిఫిన్ క్యారియర్ అందుకుంది. "నేను పోత అబ్బా. మీరు సాయంత్రం వాళ్ల వలీమా విందుకు అందరితోటి రాండ్రి." గల్లీలో నడుస్తూ భానుచందర్‌కు ఫోన్ చేసింది.

"పొద్దుటి బండికి రా అన్నా. కెమెరా పట్టుకొని."

"వలీమా సాయంత్రం కదా మేడమ్. నిన్న ఎండంత పోగొట్టి, ఇయ్యాల నిద్ర పోగొడ్తాండ్రా?"

"నిన్న పోగొట్టింది నేనే. కావాలనే చేసిన. రా."

"ప్లాట్‌ఫారం మీదుంట" అన్నాడు.

డోర్నకల్‌లో దిగేసరికి ఎండ ఇంకా లేతగా ఉంది. రైల్వే క్వార్టర్ల వరుస. సోహెల్ వాళ్ల వాకిట్లో అప్పటికే ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు వచ్చి నిలబడ్డారు, కొత్త కోడలి ముఖం చూడడానికి. వెనక వీధిలోంచి ఇంకొందరు వస్తున్నారు. లోపలి గదిలో మంచం మీద రుహీ ముసుగు వేసుకొని కూర్చుంది. అక్కను చూసి తల వంచుకుంది.

ఉజ్మా క్యారియర్ సోహెల్ తల్లి చేతికిచ్చి, చెప్పులు విడవకుండానే అంది. "ఖాలా, మా తాన ఒక రివాజుంది."

"చెప్పు బేటీ."

"పెండ్లైన తెల్లారి నాష్తా వచ్చినంక, దూల్హా దుల్హన్ ఇద్దరే బయటికి పోయి జర తిరిగి రావాలె. వాళ్లొచ్చేదాక ఆడోళ్లెవ్వరు ముఖం సూడొద్దు. నాష్తా తెచ్చినోళ్లు గడపల కూసోవాలె."

"వరంగల్‌ల మా చెల్లెను గూడ ఇచ్చినం. గిసుంటి రివాజు ఎన్నడు వినలే."

"మా ఇంటి రివాజు."

సోహెల్ తల్లి ఉజ్మా ముఖంలోకి చూసింది. తర్వాత వాకిట్లో కెమెరా మెడలో వేసుకొని నిలబడ్డ భానుచందర్‌ను చూసింది. "ఎంతసేపు?"

"గంట."

ఆమె చాలాసేపు క్యారియర్ మూత సర్దింది. "సోహెల్" అని పిలిచింది. "చెప్పులేసుకో."

రుహీ బయటికి వస్తూ అక్క పక్కన ఆగింది. "ఇదేం రివాజు?" అంది నెమ్మదిగా.

"పో. ఎండెక్కుతాంది."

రుహీ నవ్వలేదు. అక్కను ముట్టుకోలేదు. దుపట్టా సర్దుకొని మెట్లు దిగింది. ముగ్గురూ క్వార్టర్ల వెనక మామిడిచెట్ల వైపు పోయారు. భానుచందర్ చాలా వెనక నడిచాడు.

ఉజ్మా కుర్చీ తెచ్చి గడపలో వేసుకొని కూర్చుంది. వాకిట్లో ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మేం ఎండల నిలబడాల్నా?"

"ఈమె ఎవలు? పెండ్లికూతురి అక్కనా? ఇంటికొచ్చినోళ్లకు మొకం సూపియ్యక పంపుతాంది. గిదేం మర్యాద?"

"చెల్లె మొకం దాసిపెట్టింది గద. అక్క మొకమే సూసి పోదాం తీయ్" అంది ఒకామె. అందరూ నవ్వారు.

"సూడుండ్రి" అంది ఉజ్మా. తల మీది దుపట్టా కొంచెం వెనక్కి జరిపింది.

వాళ్లు నవ్వడం ఆపారు. ఒక ముసలామె మెట్టు మీద కూలబడి అడిగింది. "నీ పెండ్లప్పుడు గూడ గిట్లనే బయటికి పోయిన్రా బిడ్డా?"

"పోలేదు."

"మరి రివాజంటివి."

చెట్ల వైపు నుంచి ఒక నవ్వు వినబడింది. చెల్లెలిది. దాని వెంట ఇంకొకటి, మగ గొంతు. ఉజ్మా గుండెలో ఎక్కడో మళ్లీ మండింది, నిన్నటిలాగే, ఏమీ తగ్గకుండా. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు గేటు తెరుచుకొని లోపలికి వచ్చారు. ఉజ్మా లేచి, కుర్చీని గడప మధ్యలోకి జరిపి, మళ్లీ కూర్చుంది.